సరదాగా చేపలు పట్టడానికి చిన్న పడవ: తక్కువ ఖర్చులో సరైనది ఎంచుకోవడం ఎలా

పడవ కొనాలనుకున్నవాళ్లలో ఎక్కువమంది ముందు ఫొటోలు చూస్తారు, తర్వాత ధరలు చూస్తారు. దాన్ని ఎక్కడ తిప్పాలన్న ఆలోచన ఆఖర్న వస్తుంది. చేయాల్సింది దీనికి తలకిందులుగా. ముందు నీళ్లు, తర్వాత బరువు, ఆ తర్వాత పడవ ఆకారం, చివర్లో మోటారు. ఈ వరసలో వెళితే మీకు పనికిరాని పడవలు వాటంతటవే తప్పుకుంటాయి. మిగిలిన రెండు మూడు రకాల్లో మాత్రమే ధర చూసుకుంటే చాలు.

ఇక్కడ చెప్పేదంతా ఒకరి నుంచి ముగ్గురి వరకు ఎక్కి, పగటిపూట చెరువులోనో నదిలోనో, తీరాన్ని ఆనుకుని ప్రశాంతంగా ఉండే నీళ్లలోనో గాలం వేసేవాళ్ల కోసం. నడిసముద్రంలో వేటకి వెళ్లాలనుకుంటే ఇది సరిపోదు. అక్కడికి తీసుకెళ్లదగ్గ పడవ చిన్నదీ కాదు, చవకదీ కాదు.

1. ముందు మీ నీళ్లు చూడండి

మీరు ఎక్కువగా వెళ్లబోయే చోటు ఒకటి ఎంచుకోండి. ఎప్పుడో ఏడాదికోసారి వెళ్లే పెద్ద జలాశయాన్ని మనసులో పెట్టుకుని పడవ కొనకండి. ఆ ఎంచుకున్న చోటికి పొద్దున ఒకసారి, గాలి లేచే మధ్యాహ్నం వేళ ఇంకోసారి వెళ్లి ఒడ్డున కాసేపు నిలబడండి.

గాలి అడ్డు లేకుండా నీటి మీద ఎంత దూరం సాగితే అల అంత పెరుగుతుంది. అందుకే చిన్న చెరువులో ఏమీ అనిపించని గాలి పెద్ద జలాశయంలో అవతలి ఒడ్డుకి చేరేసరికి పడవ అంచుని తాకే అలగా మారుతుంది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న నీళ్లలో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వస్తాయి. చిన్న పడవకి వీటితోనే ఎక్కువ ఇబ్బంది. ఒక అల నుంచి తేరుకునేలోపే రెండోది ముక్కు మీద పడుతుంది.

యూరప్ ప్రమాణాల ప్రకారం తయారైన పడవ మీద ఎ, బి, సి, డి అని ఒక అక్షరం ఉంటుంది. డి అంటే ఆశ్రయం ఉన్న నీళ్లకి: గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలులో 4 వరకు, అంటే గంటకి 28 కిలోమీటర్ల దాకా, అలలు 0.3 మీటర్ల ఎత్తు, అప్పుడప్పుడు 0.5 మీటర్లు. సి అంటే తీరం దగ్గరి నీళ్లు, పెద్ద సరస్సులు: గాలి 6 వరకు, అలలు 2 మీటర్ల వరకు. ఈ అంకెలు పడవ తట్టుకోగల గరిష్ఠ పరిస్థితికి చెందినవి. హాయిగా కూర్చుని గాలం వేయగలిగే పరిస్థితి అంతకంటే చాలా కిందే ఉంటుంది.

పడవ దించే చోటు కూడా చూడండి. గట్టి ర్యాంపు ఉందా, బురద గట్టా, రాళ్లా? బండి నీటి అంచుదాకా వెళుతుందా? వెళ్లకపోతే పడవని చేతులతో మోయాలి, అప్పుడు 40 కేజీలు దాటినవన్నీ మీ జాబితాలోంచి పోతాయి. కొన్ని చోట్ల పెట్రోలు మోటారుకి అనుమతి ఉండదు, కొన్ని చోట్ల పడవకి రిజిస్ట్రేషన్, చేపలు పట్టడానికి లైసెన్సు అడుగుతారు. ఇవి డబ్బు చేతులు మారకముందే తెలుసుకోవాలి. అక్కడ రోజూ వేటాడేవాళ్లు ఎలాంటి పడవలు వాడుతున్నారో గమనించండి. ఆ నీళ్లు వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

2. బరువు లెక్క కాగితం మీద వేయండి

ఈ ఒక్క పనికి పావుగంట పడుతుంది. ఇద్దరు మనుషులు 75 కేజీల చొప్పున 150. 6 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు సుమారు 27. పన్నెండు లీటర్ల పెట్రోలు, డబ్బాతో కలిపి 12. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25. లంగరు, తాడు 6. ఐసు పెట్టె, తాగేనీళ్లు 15. గాలం కర్రలు, ఎరలు, లైఫ్ జాకెట్లు, చిల్లర సామాను 10. మొత్తం 245 కేజీలు. ఇద్దరే కదా అనుకున్న ప్రయాణం పావు టన్నుకి చేరింది.

పడవ లోపల వెనక వైపు సామర్థ్యం చెప్పే చిన్న ప్లేటు ఉంటుంది. మనుషులెందరు, మొత్తం బరువెంత, మోటారు గరిష్ఠంగా ఎన్ని హార్స్‌పవర్ అనేవి దాని మీద ఉంటాయి. మొత్తం బరువు అంటే మోటారు, సామాను కూడా కలిపి. నేనైతే ప్లేటు మీద ఉన్న బరువులో నాలుగింట మూడొంతులు దాటనివ్వను. అంటే 245 కేజీల లెక్కకి కనీసం 327 కేజీల సామర్థ్యం ఉన్న పడవ కావాలి.

ప్లేటు ఊడిపోయిన పాత పడవైతే అమెరికా కోస్ట్ గార్డ్ చెప్పే లెక్క ఒకటుంది. 20 అడుగుల లోపు పొడవుండి, నీటిలో ఆనే దేహం (హల్) ఒకటే ఉన్న పడవలకి పొడవుని వెడల్పుతో హెచ్చించి 15తో భాగించాలి. రెండూ అడుగుల్లోనే ఉండాలి. 12 అడుగుల పొడవు, నాలుగున్నర వెడల్పు అయితే 54ని 15తో భాగిస్తే 3.6, అంటే ముగ్గురు. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అయితే 4.67, అంటే నలుగురు. ఇది నీళ్లు నిమ్మళంగా ఉన్నప్పుడు కుదురుగా కూర్చునేవాళ్ల లెక్క. గాలం విసరడానికి చేయి ఆడాలి, కాలు కదపాలి, కాబట్టి వచ్చిన సంఖ్యలోంచి ఒకరిని తీసేయండి.

3. ఆకారం ఎంచుకోవడం

చవకలో దొరికేవి ముఖ్యంగా ఇవి: పైన కూర్చుని నడిపే ఫిషింగ్ కయాక్, గాలి నింపే పడవ, బల్లపరుపు అడుగున్న జాన్ బోట్, వి ఆకారపు అడుగున్న చిన్న పడవ.

ఒక్కరే వెళ్లేవాళ్లకి కయాక్‌కి మించినది లేదు. 10 నుంచి 12 అడుగుల పొడవు, 30 నుంచి 36 అంగుళాల వెడల్పు ఉన్నది తీసుకోండి. వెడల్పు పెరిగితే కుదురుగా ఉంటుంది గానీ వేగం తగ్గుతుంది, తెడ్డు వేసే చేతులు త్వరగా నొప్పి పెడతాయి. కాళ్లతో తొక్కే పెడల్ రకం ఖరీదు ఎక్కువ, కానీ చేతులు ఖాళీగా ఉండి గాలం పట్టుకోవచ్చు. డబ్బు తక్కువైతే తెడ్డు రకం కొని, మిగిలినది మంచి లైఫ్ జాకెట్ మీద పెట్టడం మేలు.

గాలి నింపే పడవని మడిచి కారు డిక్కీలో పెట్టుకోవచ్చు. ఇంట్లో చోటు లేనివాళ్లకి అదే దారి. వేర్వేరు గాలి గదులు కనీసం మూడైనా ఉన్నవి, అడుగున గట్టి పలకో గాలి నింపే పలకో ఉన్నవి మాత్రమే చూడండి. ఈత కొలను దగ్గర ఆడుకోవడానికి చేసిన పలచటి రకాలని వేటకి తీసుకెళ్లొద్దు. గాలం ముల్లు, చేప రెక్క ముల్లు, ఎండ, మూడూ వాటికి శత్రువులే.

ఎక్కువమంది తర్జనభర్జన పడేది మిగిలిన రెంటి దగ్గర. బల్లపరుపు అడుగున్న పడవ నాలుగైదు అంగుళాల నీళ్లలో కూడా తేలుతుంది, నిలబడితే పెద్దగా ఊగదు, అన్నిటికంటే చవక. పిల్ల కాలువలు, తామర నిండిన చెరువులు, నిదానంగా పారే నదులకి అది చక్కగా సరిపోతుంది. అల లేచిందంటే మాత్రం ఆ చదును అడుగు నీటిని ఫట్ ఫట్‌మని కొడుతుంది, నడుము నొప్పి పుడుతుంది, ముందు నుంచి నీళ్లు చిమ్ముతాయి. ముక్కు చతురస్రంగా ఉంటే ఇది మరీ ఎక్కువ. వి అడుగున్న పడవ అలని చీల్చుకుంటూ వెళుతుంది. నిలబడగానే కొంచెం పక్కకి ఒరిగినట్టు అనిపిస్తుంది, దాన్ని చూసి భయపడక్కర్లేదు. ఒరిగిన కొద్దీ పక్కలు నీటిని ఆనించుకుని ఆపుతాయి. ఆగి ఉన్నప్పటి కుదురు వేరు, అలలో కుదురు వేరు. అమ్మేచోట నిశ్చలమైన నీళ్లలో ఎక్కి చూస్తే మొదటిదే తెలుస్తుంది.

ఈ రెంటికీ మధ్యరకం ఉంది: ముందు భాగం పదునుగా, వెనక్కి వచ్చేసరికి దాదాపు చదునుగా ఉండేది. మొదటి పడవగా 12 నుంచి 14 అడుగుల ఈ రకం అల్యూమినియం పడవే నా ఓటు. చెరువుకీ నదికీ సరిపోతుంది, ఒక మోస్తరు గాలికి ఇంటికి చేరుస్తుంది, తిరిగి అమ్మితే కొనేవాళ్లుంటారు.

అన్నిట్లోనూ చూడాల్సిన సంగతి అంచు ఎత్తు. మనుషులు, సామాను ఎక్కాక నీటి మట్టం నుంచి పడవ అంచు ఎంత పైకి ఉందన్నది ముఖ్యం. వెనక మోటారు బిగించే పలకని ట్రాన్సమ్ అంటారు, సాధారణంగా అదే అన్నిటికంటే తక్కువ ఎత్తులో ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి వెనక్కి వచ్చి నిలబడితే అక్కడ ఎంత మిగులుతుందో చూడండి.

4. దేనితో చేసింది?

అల్యూమినియం తేలిక, రాళ్లకి తగిలితే సొట్ట పడుతుందే గానీ పగలదు, ఎండకీ వానకీ పెద్దగా చెడదు. రివెట్లు కొట్టినవి చవక. ఏళ్లు గడిచేకొద్దీ రివెట్లు వదులై చెమ్మ కారొచ్చు, కానీ మళ్లీ బిగించుకోవచ్చు. వెల్డింగ్ చేసినవి గట్టివి, బరువు, ఖరీదు. ఉప్పునీళ్లకి వెళితే జింకు ముక్క తగిలించి ఉండాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చెద పట్టకుండా రాగి మందు పట్టించిన ప్లైవుడ్‌ని నేలగా వేస్తే, ఆ చెక్క తడిసినప్పుడల్లా రాగి అల్యూమినియంని తినేస్తుంది. రాగి కలిసిన అడుగు రంగు కూడా అంతే. పాత పడవలో కొత్త చెక్క నేల కనిపిస్తే ఏ చెక్క వేశారో తప్పకుండా అడగండి.

ఫైబర్ గ్లాస్ బరువుగా, కుదురుగా, చప్పుడు లేకుండా వెళుతుంది. రాయి తగిలితే దెబ్బ తింటుంది, లోపల చెక్క ఉంటే కుళ్లే ప్రమాదం ఉంది. కయాక్‌లకి వాడే పాలిథిలిన్ ప్లాస్టిక్ మొరటు వాడకానికి ఆగుతుంది. ఎండలో ఒకే చోట ఆనించి వదిలేస్తే మాత్రం అక్కడ వంకర తిరుగుతుంది.

5. మోటారు

ఇక్కడే డబ్బు ఎక్కువ వృథా అవుతుంది. నీటిని తోసుకుంటూ వెళ్లే పడవకి ఒక సహజమైన వేగం ఉంటుంది. నీటిలో ఆనే పొడవు 12 అడుగులైతే అది గంటకి సుమారు 8.6 కిలోమీటర్లు. అక్కడిదాకా వెళ్లడానికి 4 నుంచి 6 హార్స్‌పవర్ చాలు. ఆ పైన వేగం కావాలంటే పడవ ముక్కు లేచి నీటిపైకి ఎక్కాలి, దానికి మొత్తం బరువులో 15 నుంచి 20 కేజీలకి ఒక హార్స్‌పవర్ చొప్పున కావాలి. మన 245 కేజీలకి పడవ బరువు 90 కలిపితే 335. అంటే 17 నుంచి 22 హార్స్‌పవర్. మధ్యలో ఆగితే, అంటే 10 పెడితే, ముక్కు సగం లేచి వెనక భాగం దిగబడి, వేగం పెద్దగా పెరగకుండానే పెట్రోలు తాగుతుంది. చేపలుండే చోటు మూడు నాలుగు కిలోమీటర్ల లోపైతే చిన్న మోటారుతో నిదానంగా వెళ్లడమే తెలివైన పని. ఏది కొన్నా ప్లేటు మీద రాసిన గరిష్ఠాన్ని దాటొద్దు.

ఫోర్ స్ట్రోక్ మోటారు చప్పుడు తక్కువ, పెట్రోలు ఆదా. పాత టూ స్ట్రోక్ తేలిక, చవక, రిపేరు సులువు, కానీ పెట్రోలులో నూనె కలపాలి, పొగ ఎక్కువ. కొనేముందు ట్రాన్సమ్ ఎత్తు కొలవండి. 15 అంగుళాలైతే పొట్టి షాఫ్ట్ (మోటారు నుంచి ప్రొపెల్లర్ దాకా దిగే కాడ) ఉన్న మోటారు, 20 అయితే పొడుగు షాఫ్ట్. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డపలక పడవ అడుగుతో దాదాపు సమానంగా రావాలి. పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది, మరీ కిందికి దిగితే నీటిని ఈడుస్తుంది.

పెట్రోలు వద్దనుకుంటే కరెంటు మోటారు. వీటి బలాన్ని పౌండ్లలో చెబుతారు. ప్రతి 45 కేజీలకి 2 పౌండ్లు కనీసం, ఎదురుగాలికి దానికి రెట్టింపు ఉంచుకోండి. మన పడవకి 30 పౌండ్లు వస్తుంది. 55 పౌండ్ల 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి ఒక గంట వస్తుంది. వేగం తగ్గిస్తే చాలా గంటలు నడుస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సగం బరువులో ఎక్కువ ఇస్తుంది, ఖరీదూ ఎక్కువే.

ఏ మోటారున్నా తెడ్లు తప్పనిసరి. పెట్రోలుకి పాత నియమం మంచిది: మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టుకోకూడదు.

6. పాత పడవని పరీక్షించడం

తక్కువ డబ్బుకి మంచి పడవ కావాలంటే పాతదే చూడాలి. పగటి వెలుగులోనే, పడవ పొడిగా ఉన్నప్పుడే చూడండి. కడిగి మెరిపించి పెట్టినదాన్ని చూసి తొందరపడొద్దు.

మొదట ట్రాన్సమ్. చాలా ఫైబర్ పడవల్లో దీని లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టుల చుట్టూ, నీళ్లు వదిలే రంధ్రం చుట్టూ తేమ దిగి చెక్క మెత్తబడుతుంది, బయట ఫైబర్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. మోటారుని కిందికి దించి, దాని కింది భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, చూపు మాత్రం ట్రాన్సమ్ పై అంచు మీద ఉంచండి. పలక వంగినా, బోల్టుల దగ్గర పగుళ్లు విచ్చుకున్నా ఆ పడవ మీది కాదు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టండి. గట్టి చెక్క టక్ టక్‌మంటుంది, కుళ్లిన చోట శబ్దం మొద్దుబారుతుంది. ఆ తేడా చెవికి ఇట్టే తెలిసిపోతుంది. బోల్టు ఒకటి విప్పనిస్తే ఇంకా మంచిది. రంధ్రంలోంచి తడి నల్లపొడి వస్తే ఇక చూడాల్సింది లేదు.

నేల మీద మడమతో నడవండి. మెత్తగా దిగబడే చోటు కింద చెక్క పోయినట్టే. నేల కింద తేలడానికి పెట్టిన ఫోమ్ నీళ్లు పీల్చుకుని ఉండొచ్చు, అది కంటికి కనిపించదు. ట్రైలర్‌తో సహా వేబ్రిడ్జి మీద తూకం వేయించి, కంపెనీ చెప్పిన బరువుతో పోల్చండి. తూకం బాగా ఎక్కువ వస్తే ఆ ఎక్కువ నీళ్లదే, పడవ మునిగినప్పుడు ఆ ఫోమ్ తేల్చదు.

అల్యూమినియం పడవైతే ట్రైలర్ మీదుండగానే లోపల రెండు మూడు అంగుళాల నీళ్లు పోసి, అడుగున చెమ్మ కనిపించిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టండి. లీటరు నీళ్లు కేజీ బరువు కాబట్టి ఎక్కువ పోయొద్దు. ఒకటి రెండు రివెట్లు కారితే బేరం చేయొచ్చు. అడుగు మధ్యలో పగులు, తెల్లపొడి రాలే గుంటలు ఉంటే వదిలేయండి.

మోటారు స్టార్ట్ చేయించేముందు దాని మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే నడిపారన్నమాట, పూర్తిగా చల్లారాక మళ్లీ రండి. చల్లటి మోటారు ఎన్ని లాగుళ్లకి అందుకుంటుందన్నదే అసలు పరీక్ష. నీళ్ల సరఫరా లేకుండా నడపొద్దు, పంపు పాడవుతుంది. నడుస్తున్నప్పుడు వెనక నుంచి సన్నటి నీటిధార ఆగకుండా రావాలి. గేర్ ఆయిల్ మర కొంచెం వదులు చేయండి. వచ్చిన నూనె పాలు కలిపినట్టు ఉంటే లోపలికి నీళ్లు పోతున్నాయి. ఒకటి కంటే ఎక్కువ సిలిండర్లుంటే మెకానిక్‌తో కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూపించండి, వాటి మధ్య తేడా పది శాతం దాటకూడదు.

ట్రైలర్‌ని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. ప్రయాణంలో వేడెక్కిన చక్రపు హబ్ చల్లటి నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది, బేరింగులు తుప్పు పట్టేది అందుకే. చక్రాన్ని ఎత్తి తిప్పి చూడండి, గరగరమంటే మార్చాలి.

చివరగా కాగితాలు. పడవ మీద ఉన్న నంబరు, మోటారు సీరియల్ నంబరు, ట్రైలర్ నంబరు మూడూ కాగితాలతో కలవాలి. చెరిపేసిన నంబరు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వెనక్కి వచ్చేయండి.

7. డబ్బు పంచుకోవడం

పడవకి పెట్టేది మొత్తం ఖర్చు కాదు. మోటారు, ట్రైలర్, లైఫ్ జాకెట్లు, లంగరు, తాళ్లు, బ్యాటరీ, రిజిస్ట్రేషన్, బీమా, కవరు, ఏటా సర్వీసు కూడా ఉన్నాయి. మీ దగ్గరున్న సొమ్ములో పావు వంతు పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే పడవ, మోటారు, ట్రైలర్ చూసుకోండి. తగ్గించాల్సి వస్తే పడవ పొడవులో, హార్స్‌పవర్‌లో తగ్గించండి. లైఫ్ జాకెట్లలో తగ్గించొద్దు. ఈత రానివాళ్లకి 100 న్యూటన్ల తేలుబలం ఉన్నది కనీసం కావాలి. 50 న్యూటన్లది ఒడ్డు దగ్గర ఈత వచ్చినవాళ్లకి మాత్రమే.

8. నీళ్లలో చూశాకే ఒప్పుకోండి

డబ్బు ఇచ్చేముందు నీళ్లలో దించి తిప్పాలి. మీరు మామూలుగా ఎంత బరువుతో వెళతారో అంతతోనే వెళ్లండి. నిలబడి గాలం విసిరినట్టు చేయండి. ఎదురుగాలికి నడిపి చూడండి, తర్వాత గాలికి అడ్డంగా. మోటారు ఆపి తెడ్లతో వంద మీటర్లు వెనక్కి రండి. అది మీవల్ల కాకపోతే ఆ పడవ మీకు పెద్దది. అరగంట తర్వాత అడుగున ఎన్ని నీళ్లు చేరాయో చూడండి.

కొన్నాక ముందుగా అలవాటు చేసుకోవాల్సినవి మూడు. లంగరు ఎప్పుడూ ముక్కు నుంచే వేయాలి, తాడు లోతుకి అయిదు నుంచి ఏడు రెట్లు వదలాలి. వెనక నుంచి వేస్తే ప్రవాహమో అలో తక్కువ ఎత్తున్న ట్రాన్సమ్ మీదుగా లోపలికి వస్తుంది. రెండోది, మీరు నీళ్లలో పడితే మోటారుని దానంతటదే ఆపేసే తాడు మీ ఒంటికి తగిలించాకే గేరు వేయాలి. మూడోది, నడుము లోతు నీళ్లలో లైఫ్ జాకెట్ వేసుకుని, నేల మీద కాలు ఆనించకుండా మళ్లీ పడవలోకి ఎక్కి చూడాలి. పక్క నుంచి రాకపోతే వెనక నుంచి, మోటారు ఆపి ప్రయత్నించండి. ఎటు నుంచీ కుదరకపోతే తాడు నిచ్చెన ఒకటి బిగించి, నీళ్లలో ఉన్నప్పుడు చేతికి అందేలా వేలాడదీయండి.